నలభై వేల అప్పు ఎక్కడ పుడుతుంది? చిన్న వ్యాపారాలకు పొదుపు సంఘాలు చేసే మేలు, వాటి హద్దులు

బండి మీద ఇడ్లీ, దోసె అమ్ముకునే ఒక మహిళ రోడ్డు పక్కన చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని టిఫిన్ సెంటర్ పెట్టుకోవాలనుకుంది అనుకుందాం. షెడ్డుకు అడ్వాన్సు, కాస్త పెద్ద గ్రైండరు, రెండు బర్నర్ల పొయ్యి, నాలుగు బల్లలు, స్టీలు సామాను. అంతా కలిపి 40,000 రూపాయలు కావాలి. చేబదులు అడగడానికి ఇది పెద్ద మొత్తం. బ్యాంకుకు మరీ చిన్న మొత్తం. 40,000 అప్పుకైనా 40 లక్షల అప్పుకైనా బ్యాంకువాళ్లు దరఖాస్తు చూడాలి, మనిషిని విచారించాలి, కాగితాలు రాయించాలి, వాయిదాలు వసూలు చేయాలి. పని ఇంచుమించు అంతే, వచ్చే వడ్డీ మాత్రం నూరో వంతు. ముద్ర లాంటి పథకాల్లో 50,000 లోపు అప్పుకు తాకట్టు అడగకూడదన్న నియమం ఉంది. కానీ దరఖాస్తు పెట్టిన అందరికీ అది మంజూరు కాదు. మంజూరైనా డబ్బు చేతికొచ్చేసరికి ఆ షెడ్డు ఇంకొకరికి వెళ్లిపోవచ్చు. పైగా ఆమె దగ్గర ఆదాయం చూపించే కాగితం ఉండదు. రోజుకు ఎన్ని ప్లేట్లు పోతున్నాయో వీధిలో అందరికీ తెలుసు, బ్యాంకుకు మాత్రం తెలిసే దారి లేదు.

ఇక మిగిలేది డైలీ ఫైనాన్స్. హైదరాబాద్ వైపు గిరిగిరి అంటారు. ఒక మామూలు లెక్క ఇలా ఉంటుంది: 40,000 అని రాసుకుని, వడ్డీ కింద 4,000 ముందే పట్టుకుని, 36,000 చేతిలో పెడతారు. రోజుకు 400 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి నూటికి పది రూపాయలే కదా అనిపిస్తుంది. అసలు రోజూ తరిగిపోతూ ఉంటుంది కాబట్టి, ఆ 100 రోజుల్లో సగటున ఆమె వాడుకునేది తీసుకున్న డబ్బులో సగమే. ఏడాది లెక్కలోకి మారిస్తే వడ్డీ 75 శాతం దాటుతుంది.

అదే మనిషి తన ఊరి పొదుపు సహకార సంఘంలో సభ్యురాలై, అదే 40,000 నూటికి నెలకు రూపాయి వడ్డీకి, 20 నెలల వాయిదాలతో తీసుకుందనుకుందాం. మొదటి నెల 2,000 అసలు, 400 వడ్డీ కడుతుంది. రెండో నెల వడ్డీ 380కి దిగుతుంది. అలా దిగుతూ 20 నెలలయ్యేసరికి మొత్తం కట్టిన వడ్డీ 4,200.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ పోయింది 4,000, ఇక్కడ పోయింది 4,200. రూపాయల్లో చూస్తే సంఘం అప్పే కాస్త ఎక్కువ. తేడా అంతా ఆ డబ్బు ఆమె చేతిలో ఎంతకాలం ఉందన్న దాంట్లో ఉంది. ఫైనాన్స్ అప్పుకు నెలకు 12,000 కట్టాలి, అదీ షాపు తెరిచిన మర్నాటి నుంచే. కొత్త టిఫిన్ సెంటర్‌లో ఖర్చులు పోను రోజుకు 600, 700 మిగిలితే, అందులో 400 సాయంత్రానికి వసూలు మనిషి జేబులోకి వెళ్తుంది. వాన పడిన రోజూ, బంద్ జరిగిన రోజూ, ఇంట్లో పిల్లకు జ్వరం వచ్చిన రోజూ కూడా. సంఘానికి నెలకు 2,400 చాలు. మిగిలిన 9,600 నెలనెలా వ్యాపారంలోనే తిరుగుతుంది. మినప్పప్పు కిలోల్లో కాకుండా బస్తాల్లో కొనుక్కోవడానికి, సాయంత్రం బజ్జీలు కూడా మొదలుపెట్టడానికి ఆ డబ్బే పెట్టుబడి అవుతుంది. చిన్న వ్యాపారం చితికిపోయేది వడ్డీ రేటు వల్లే అనుకుంటాం. చాలాసార్లు దాని పీక నొక్కేది వాయిదా.

ఇలా పొదుపు చేసేవాళ్లూ అప్పు తీసుకునేవాళ్లూ ఒకరే అయి, తామే యజమానులుగా నడుపుకునే సంస్థను అమెరికా, కెనడాల్లో క్రెడిట్ యూనియన్ అంటారు. మన దగ్గర ఇదే వస్తువు నాలుగైదు పేర్లతో, నాలుగైదు చట్టాల కింద ఉంది. అందుకే అందరికీ ఇంత గందరగోళం.

మద్రాసు నుంచి వచ్చిన ఆలోచన

మూలం జర్మనీలో ఉంది. 1850ల్లో షుల్జ్ డెలిట్ష్ అనే ఆయన పట్టణాల్లోని చేతివృత్తులవాళ్లకు, దుకాణదారులకు పరపతి సంఘాలు, అంటే సభ్యులకు అప్పులిచ్చే సంఘాలు, పెట్టించాడు. 1864లో రైఫైజన్ అదే పని పల్లెటూరి రైతుల కోసం చేశాడు. ఈ సంఘాలు మన దగ్గర పనికొస్తాయో లేదో చూడమని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారికి బాధ్యత అప్పగించింది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ అంటే కోస్తా, రాయలసీమ కూడా కలిపే. 1895లోనూ 1897లోనూ రెండు సంపుటాలుగా ఆయన ఇచ్చిన నివేదిక సారాంశం రెండు మాటల్లో ప్రసిద్ధమైంది: రైఫైజన్‌ను వెతకండి. ఊరికి అలాంటి మనిషి ఒకడు దొరికితే మిగతాది అదే నడుస్తుందని ఆయన నమ్మకం. 1904లో దేశమంతటికీ సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. దానికి కొద్దిగా ముందే, 1900లో, కెనడాలోని క్యూబెక్‌లో అల్ఫాన్స్ డెజార్డిన్స్ ఉత్తర అమెరికాలో తొలి పరపతి సంఘాన్ని మొదలుపెట్టాడు. వాళ్ల క్రెడిట్ యూనియన్లూ మన సహకార పరపతి సంఘాలూ ఒకే విత్తనం నుంచి వచ్చినవే.

విశాఖపట్నం కోఆపరేటివ్ బ్యాంకు 1916లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అంటే ఈ ఆలోచన మన నేల మీద నిలబడలేదన్న మాట సరికాదు. నిలబడిన చోట ఎందుకు నిలబడింది, కూలిన చోట ఎందుకు కూలింది అన్నదే చూడాలి.

సంఘం లోపల డబ్బు ఎలా తిరుగుతుంది

మచ్చుకు 300 మంది సభ్యులున్న సంఘాన్ని తీసుకుందాం. ఒక్కొక్కరు నెలకు 200 పొదుపు కడతారు. నెలకు 60,000, ఏడాదికి 7 లక్షల 20 వేలు. పొదుపు డబ్బు మధ్యలో వెనక్కి తీసుకోవడానికి లేదు, సభ్యత్వం వదులుకుంటేనే ఇస్తారు. ఈ ఒక్క నియమం వల్లే సంఘానికి స్థిరమైన నిధి తయారవుతుంది. ఎవరి పొదుపుకు రెండు, మూడు రెట్ల దాకా వాళ్లకు అప్పు ఇస్తారు. ఇద్దరు సభ్యులు జామీను ఉండాలి. జామీను ఉన్నవాళ్లకు ఆ అప్పు తీరేదాకా తమ పొదుపు మీద పూర్తి స్వేచ్ఛ ఉండదు.

నెలకొకసారి ఒక నిర్ణీత తారీఖున వసూళ్లు. ఊళ్లో అద్దె గదిలోనో, సొంత భవనం ఉంటే అక్కడో లెక్కలు రాసే ఉద్యోగి రిజిస్టరు, రసీదు పుస్తకం పెట్టుకుని కూర్చుంటారు. సభ్యులు పాసు పుస్తకాలతో వచ్చి పొదుపు, అసలు, వడ్డీ మూడూ విడివిడిగా రాయించుకుంటారు. పదేపదే ఆలస్యం చేసేవాళ్ల పేర్లు అందరి ముందూ చదువుతారు. ఆ రోజు వచ్చిన డబ్బు ఆ రోజే కొత్త అప్పులుగా బయటికి వెళ్తుంది. డబ్బు పెట్టెలో నిద్రపోతే ఎవరికీ వడ్డీ రాదు కాబట్టి ఊరికే ఉంచరు. దరఖాస్తులు ఎక్కువై డబ్బు తక్కువైతే వరస పెడతారు. ఆసుపత్రి ఖర్చుకు ముందు, తర్వాత మిగతావాటికి.

వసూలైన వడ్డీలోంచి ఉద్యోగి జీతం, అద్దె, ఆడిట్ ఫీజు, మొండి బాకీల కోసం పక్కన పెట్టే రిజర్వు తీసేస్తారు. మిగిలింది ఎవరి పొదుపును బట్టి వాళ్ల ఖాతాలో వడ్డీగా, బోనస్‌గా పడుతుంది. టిఫిన్ సెంటర్ పెట్టుకున్న మనిషి నూటికి రూపాయి వడ్డీ కడుతూనే, తన పొదుపు మీద అందులో కొంత వెనక్కి రాబట్టుకుంటుంది. ఫైనాన్స్ కంపెనీకి కట్టిన వడ్డీలో ఒక్క పైసా కూడా అలా తిరిగి రాదు.

చీటీలు ఉండగా ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. మన చిన్న వ్యాపారుల్లో చీటీ వేయనివాళ్లు అరుదు. చీటీలోనూ సభ్యుల డబ్బే సభ్యులకు వెళ్తుంది. కానీ అక్కడ డబ్బు పాట మీద వస్తుంది. ఎవరికి అవసరం ఎక్కువగా ఉంటే వాళ్లు ఎక్కువ నష్టానికి పాడుకుంటారు. కూతురి పెళ్లి దగ్గర పడినవాడు, గోదాములో సరుకు తడిసిపోయినవాడు, వీళ్ల అవసరమే మిగతావాళ్లకు లాభం. పొదుపు సంఘంలో అవసరం ఎంత తీవ్రమైనా వడ్డీ ఒక్కటే. ఇంకో తేడా, చీటీ గడువుతో ముగిసిపోతుంది. సంఘంలో పొదుపు ఏటికేడు పెరుగుతుంది, దాంతో పాటే అప్పు హద్దూ పెరుగుతుంది.

ఆ పెరుగుదలే చిన్న వ్యాపారానికి అసలైన ఆసరా. సంఘాల్లో మొదటి అప్పు సాధారణంగా వ్యాపారానికి పోదు. బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన పాత అప్పు తీర్చడానికో, కుదువ పెట్టిన గాజులు విడిపించుకోవడానికో వెళ్తుంది. రెండోది పిల్లల ఫీజుకో, ఇంటి పైకప్పుకో. మూడోదో నాలుగోదో కుట్టు మిషనుకో, గేదెకో, కిరాణా సరుకుకో చేరుతుంది. మొదటి రెండూ వ్యాపారం అప్పులు కావని కొందరు అధికారులు పెదవి విరుస్తారు. ఈ లెక్క నాకు నచ్చదు. ఇంటి గల్లా పెట్టే దుకాణం గల్లా పెట్టే అయిన మనుషులకు, నెలకు 1,500 బయటి వడ్డీ తప్పించడమంటే వ్యాపారంలో నెలకు 1,500 పెట్టుబడి పెట్టినట్టే.

అప్పు ఎందుకు తిరిగొస్తుందో ఇప్పుడు చెప్పడం తేలిక. తన పొదుపు అక్కడే ఉంది, పక్కింటివాళ్ల జామీను ఉంది, ఇది తీరితేనే ఇంకా పెద్ద అప్పు పుడుతుంది. వీటన్నిటికంటే ముందు, ఎవరికి ఎంత ఇవ్వొచ్చో నిర్ణయించినవాళ్లు ఆ బండి దగ్గర రోజూ టిఫిన్ తిన్నవాళ్లే. ఏ బ్యాంకు సర్వేయరుకూ అంత సమాచారం ఉండదు.

అప్పు ఒక్కటే చాలదు: ముల్కనూరు

గేదె కొనడానికి అప్పు ఇచ్చామనుకుందాం. పాలు ఎవరు కొంటారు? లీటరుకు ఎంత ఇస్తారు? వెన్న శాతం ఎవరు కొలుస్తారు? ఈ మూడింటికీ జవాబు దళారి చేతిలో ఉంటే, చవక అప్పు వల్ల వచ్చిన లాభం దళారి దగ్గరే ఆగిపోతుంది.

భీమదేవరపల్లి మండలంలోని ముల్కనూరు ఈ విషయం మనందరికంటే ముందు గ్రహించింది. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, ఇప్పుడు హనుమకొండ జిల్లా. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ మొదలైన సహకార సంఘం చుట్టుపక్కల 14 గ్రామాలకు పనిచేస్తుంది. అప్పు, విత్తనం, ఎరువు, పంట కొనుగోలు, శుద్ధి, అమ్మకం అన్నీ ఒక్క గొడుగు కిందే. పంట సంఘానికే వస్తుంది కాబట్టి అప్పు వసూలు కోసం ఎవరి గడపా తొక్కక్కర్లేదు.

1990ల నుంచి ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో హైదరాబాద్‌లోని కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ ప్రోత్సాహంతో మహిళల పొదుపు సంఘాలు వరసగా ఏర్పడ్డాయి. ప్రభుత్వ వాటా లేదు, సబ్సిడీ లేదు, సభ్యుల పొదుపే పెట్టుబడి. అందులో ముల్కనూరు ప్రాంతపు మహిళలు కొన్నేళ్లు పొదుపు నడిపి, లెక్కలు, సమావేశాలు, పాలకవర్గ ఎన్నికలు అన్నీ చేతికొచ్చాక సొంత డెయిరీకి పూనుకున్నారు. 2002లో పాల సేకరణ మొదలైంది. స్వకృషి పేరుతో ఆ పాలు ఇప్పుడు మార్కెట్లో ఉన్నాయి. పాల సంఘం ఉండడంతో పొదుపు సంఘంలో గేదె కోసం తీసుకున్న అప్పుకు ఒక భరోసా ఏర్పడింది. గేదె కొన్న మర్నాటి నుంచి పాలకు కొనుగోలుదారు ఉన్నాడు, ఆ కొనుగోలుదారు తాను సభ్యురాలైన సంస్థే.

ముల్కనూరు డెయిరీని మహిళా సాధికారత కథగా అందరూ చెబుతారు. నాకు అందులో ఎక్కువ విలువైనదిగా కనిపించేది ఆ క్రమం. పొదుపు ముందు, అప్పు తర్వాత, వ్యాపారం ఆ పైన. వాయిదా తప్పిన సభ్యురాలిని నిలదీయడం, మిగులు ఎలా పంచాలో గంటలకొద్దీ వాదించుకోవడం, ఆడిటర్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం, ఇవన్నీ పది రూపాయల పొదుపుల దగ్గర నేర్చుకున్నవాళ్లు కోట్ల రూపాయల డెయిరీలో తడబడలేదు. డెయిరీ ముందు కట్టించి, సభ్యులను తర్వాత పోగుచేసిన చోట్ల యంత్రాలు తుప్పు పట్టడం చూస్తూనే ఉన్నాం.

బయటి డబ్బు వచ్చినప్పుడల్లా ఏమైంది

ఇంత బాగుంటే ఊరూరా ఇవే ఉండాలి కదా? ఇక్కడే అసలు చిక్కు.

అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక 1954లో వచ్చింది. గ్రామాల్లో పుట్టే అప్పుల్లో సహకార సంఘాల వాటా 3 శాతం చిల్లర మాత్రమేనని అది తేల్చింది. సహకారం విఫలమైంది, కానీ సహకారం విజయం సాధించి తీరాలి అన్నారు. అందుకు ప్రభుత్వమే సంఘాల్లో వాటాదారు కావాలని సిఫార్సు చేశారు. ఉద్దేశం మంచిదే. డబ్బుతో పాటు పెత్తనం కూడా వచ్చింది. మన 1964 సహకార సంఘాల చట్టం కింద రిజిస్ట్రారుకు పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం వచ్చింది. ఎన్నికలు వాయిదా పడ్డాయి, సభ్యులు ఎన్నుకున్నవాళ్ల కుర్చీల్లో ప్రభుత్వం నియమించిన పర్సన్ ఇన్‌చార్జులు కూర్చున్నారు. ఊళ్లో రైతులకు అప్పులిచ్చే ప్రాథమిక వ్యవసాయ సంఘాన్ని సభ్యులే "గవర్నమెంటు సొసైటీ" అనడం మొదలుపెట్టారు. గవర్నమెంటు డబ్బు ఎగ్గొడితే పక్కింటివాడికి నష్టం లేదు కదా. అందుకే పక్కింటివాడు అడగడమూ మానేశాడు.

ఈ ముడి విప్పడానికి వచ్చిందే 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. జనం నోట మాక్స్ చట్టం. ప్రభుత్వ వాటా వద్దు, ప్రభుత్వ పెత్తనం వద్దు, సంఘం తన నియమావళి తానే రాసుకోవచ్చు, లాభనష్టాలు సభ్యులవే. దేశంలో ఇలాంటి చట్టం తెచ్చిన తొలి రాష్ట్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. తర్వాత చాలా రాష్ట్రాలు ఇదే బాట పట్టాయి. ఇచ్చిన స్వేచ్ఛను ప్రభుత్వమే వెనక్కి లాక్కోవాలని చూసిన సందర్భమూ ఉంది. ఈ చట్టం కింద ఉన్న పాల సంఘాలను తిరిగి 1964 చట్టం కిందికి మళ్లించడానికి 2006లో సవరణ తెచ్చారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2011లో సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయం చేసింది.

అయితే ప్రభుత్వ డబ్బు ఒక్కటే ప్రమాదం అనుకుంటే పొరపాటు. రెండో రకం బయటి డబ్బు ఉంది: అప్పుతో సంబంధం లేకుండా, ఎక్కువ వడ్డీ కోసం మాత్రమే వచ్చే డిపాజిట్లు. 2000ల మొదట్లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కృషి, చార్మినార్, వాసవి, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి కూలాయి. పెన్షన్ డబ్బులు దాచుకున్న ముసలివాళ్లు బ్యాంకు తలుపుల ముందు బారులు తీరారు. 2019లో ముంబైలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు కథ బయటపడింది. ఇచ్చిన అప్పుల్లో 70 శాతానికి పైగా ఒకే రియల్ ఎస్టేట్ గ్రూపుకు వెళ్లింది, దాన్ని కప్పిపుచ్చడానికి వేల సంఖ్యలో దొంగ ఖాతాలు రాశారు. మన దగ్గర 2022లో కాకినాడ కేంద్రంగా నడిచిన జయలక్ష్మి సొసైటీ వందల కోట్ల డిపాజిట్లతో చేతులెత్తేసింది. అది రిజిస్టరైంది ఈ మాక్స్ చట్టం కిందే.

చివరి ఉదాహరణ నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ముల్కనూరు మహిళలకు స్వేచ్ఛ ఇచ్చిన చట్టమే కాకినాడ డిపాజిటర్ల నష్టానికీ నీడ అయింది. తేడా చట్టంలో లేదు, డబ్బు ఎవరిది అన్న దాంట్లో ఉంది. నెలనెలా పొదుపు కట్టి, అందులోంచే అప్పు తీసుకునే మనిషికి వడ్డీ ఎక్కువైనా బాధే, తక్కువైనా బాధే. అందుకే ఆమె రిజిస్టరు అడిగి చూస్తుంది. డిపాజిట్ వేసి ఇంట్లో కూర్చునే మనిషి వడ్డీ వస్తున్నంత కాలం ఏమీ అడగడు. అతన్ని కాగితం మీద సభ్యుడిగా రాసుకున్నా, సర్వసభ్య సమావేశానికి అతను రాడు. పొదుపు చేసేవాళ్లు ఒక గుంపు, అప్పు తీసుకునేవాళ్లు ఇంకో గుంపు అయిన రోజున ఆ సంఘం సంఘంగా బతకడం మానేస్తుంది. పైన చెప్పిన వైఫల్యాలన్నిటిలో నాకు కనిపించే ఉమ్మడి కారణం ఇదే.

ఈ చూపుతోనే డ్వాక్రా, స్త్రీనిధి గురించి కూడా ఒక మాట. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల నేపథ్యంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ కంపెనీలు వెళ్లిపోయిన ఖాళీలో 2011లో స్త్రీనిధి పుట్టింది. డ్వాక్రా మహిళా సంఘాల మండల సమాఖ్యలు వాటాదారులుగా ఉన్న పరపతి సమాఖ్య అది. అడిగిన 48 గంటల్లో అప్పు చేతికివ్వాలన్నది దాని లక్ష్యం. చిన్న వ్యాపారికి వేగం ఎంత ముఖ్యమో తెలిసినవాళ్లు చేసిన ఏర్పాటు అది. సంఖ్యలో చూస్తే ఏ పొదుపు సంఘమూ దీని దరిదాపుల్లోకి రాదు. కాకపోతే ఈ వ్యవస్థలో తిరిగే డబ్బులో బ్యాంకులదీ ప్రభుత్వానిదీ పెద్ద భాగం. ఎన్నికలప్పుడు మాఫీ మాట వినపడితే వాయిదాలు ఆగుతాయి. తన పక్కింటావిడ పొదుపును మాఫీ చేయమని మాత్రం ఎవరూ అడగరు.

సంఘానికి చేతకానివి

పొదుపు సంఘం మీద ఎంత ఇష్టం ఉన్నా దాని హద్దులు దాచకూడదు. నెలకు 200 కట్టే సభ్యురాలి పొదుపు ఐదేళ్లకు 12,000. బోనస్ కలుపుకుని, మూడు రెట్లు వేసుకుంటే అప్పుడు ఆమెకు 40,000 పుడుతుంది. ఐదేళ్లు ఆగాలన్నమాట. కాలేజీ ముగించి ఈ ఏడే మొబైల్ రిపేరు షాపు పెట్టాలనుకునే కుర్రాడికి ఇది పనికిరాదు. పొదుపు మొత్తం పెంచితే గడువు తగ్గుతుంది, కానీ అప్పుడు కూలి మీద బతికేవాళ్లు సభ్యత్వానికే దూరమవుతారు. ఈ రెండింటి మధ్య ఎక్కడ గీత గీయాలన్నది ప్రతి సంఘమూ తన సమావేశంలో తేల్చుకోవాల్సిందే.

ఇంకో బలహీనత అందరూ ఒకే ఊరివాళ్లు కావడం. బాగున్న ఏడాది అందరికీ బాగుంటుంది. కరువొస్తే పత్తి రైతు, అతని మీద ఆధారపడ్డ కిరాణా కొట్టు, ఆ కొట్టు ముందు మిషను కుట్టే మనిషి ముగ్గురూ ఒకే నెల వాయిదా తప్పుతారు. సిరిసిల్లలో మగ్గాలు ఆగితే వీధి మొత్తం ఆగినట్టు. దీనికి విరుగుడు సంఘాల సమాఖ్య. ఒక సంఘంలో మిగిలిన డబ్బు కొరత ఉన్న ఇంకో సంఘానికి చేరాలి, చనిపోయిన సభ్యుల అప్పు కుటుంబం మీద పడకుండా ఉమ్మడి నిధి ఉండాలి, లెక్కల తనిఖీ ఊరివాళ్లు కానివాళ్లు చేయాలి.

వ్యాపారం పెరిగి 5 లక్షలో 15 లక్షలో అవసరమైనప్పుడు ఊరి సంఘం చాలదు. ఆ అంతస్తులో ఉండాల్సింది పట్టణ సహకార బ్యాంకు. రిజర్వు బ్యాంకు వాటికి ఇప్పుడు కట్టుబాట్లు గట్టిగానే పెట్టింది. మొత్తం అప్పుల్లో కనీసం సగం చిన్న అప్పులే అయి ఉండాలి. ఒక్కరికి ఇచ్చే అప్పు బ్యాంకు మూల పెట్టుబడిలో 15 శాతం, ఒక గ్రూపుకు 25 శాతం దాటకూడదు. ముంబై బ్యాంకు కూలిన తర్వాత వచ్చిన నియమమిది. అమెరికాలో దారి వేరు. అక్కడ 1998 చట్టం చాలా క్రెడిట్ యూనియన్లకు వ్యాపార అప్పులు ఆస్తుల్లో 12.25 శాతానికి మించకూడదని హద్దు పెట్టింది. 50,000 డాలర్ల లోపు అప్పులు ఆ లెక్కలోకి రావు. వాళ్లు వ్యాపార అప్పు మొత్తానికే పైహద్దు పెడితే, మనవాళ్లు చిన్న అప్పులకు కిందిహద్దు పెట్టారు. మన పద్ధతే చిన్న వ్యాపారికి మేలని నా అభిప్రాయం.

అయితే ఊరి సంఘం నుంచి పట్టణ బ్యాంకుకు వెళ్లే మెట్టు విరిగి ఉంది. పదిహేనేళ్లు ఒక్క వాయిదా తప్పకుండా కట్టిన సభ్యురాలి చరిత్ర సంఘం రిజిస్టరులోనే ఉండిపోతుంది. సాధారణంగా పొదుపు సంఘాల అప్పులు, ఎవరు అప్పు ఎలా తీర్చారో రాసిపెట్టే సిబిల్ లాంటి సంస్థల లెక్కల్లోకి ఎక్కవు. బ్యాంకు కంప్యూటరులో ఆమె పేరు కొడితే ఏమీ కనపడదు, అంటే బ్యాంకు దృష్టిలో ఆమె అప్పే ఎరగని మనిషి. సమాఖ్యలు సభ్యుల అనుమతితో ఈ చరిత్రను బ్యాంకులకు చేరవేసే ఏర్పాటు చేస్తే, పెద్ద సబ్సిడీ పథకాలకంటే ఎక్కువ మందికి అప్పు పుడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

చేరే ముందు చూసుకోవాల్సినవి

పేరు చూసి మోసపోవద్దు. రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న సహకార బ్యాంకులో డిపాజిట్‌కు 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల దాకా బీమా ఉంది. మాక్స్ చట్టం కింద ఉన్న సొసైటీకి, ప్రాథమిక వ్యవసాయ సంఘానికి ఆ బీమా వర్తించదు. సొసైటీలు తమ పేర్లలో బ్యాంకు అనే మాట వాడకూడదని, సభ్యులు కానివాళ్ల దగ్గర, నామమాత్రపు సభ్యుల దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు 2021 నవంబరులో హెచ్చరిక కూడా ఇచ్చింది. సొసైటీ తరఫున ఏజెంటు ఇంటికి వచ్చి, బ్యాంకుకంటే మూడు, నాలుగు శాతం ఎక్కువ వడ్డీ ఇస్తామని, ఒక ఫారం మీద సంతకం పెడితే సభ్యులైపోతారని అంటే, అక్కడ సభ్యత్వం కాగితం వరకే.

వడ్డీ ఎంతిస్తారని అడిగే ముందు అప్పులు ఎవరికిస్తున్నారని అడగండి. వాటిలో పెద్దవి పది అప్పులు ఎవరివి, వాళ్లకు పాలకవర్గంతో బంధుత్వం ఉందా, మొత్తం డబ్బులో సభ్యుల పొదుపు ఎంత, ఫిక్సెడ్ డిపాజిట్లు ఎంత, కిందటి సర్వసభ్య సమావేశం ఎప్పుడు జరిగింది, ఎంతమంది వచ్చారు. మంచి సంఘంలో ఇవన్నీ ఏటా అచ్చువేసి పంచే నివేదికలోనే ఉంటాయి. ఆడిట్ రిపోర్టు చూడడం సభ్యుడి హక్కు. అది చూపించడానికి తటపటాయించే చోట రూపాయి కూడా వేయకండి.